రామమాడలు, చైనా కాసులు: ఇత్తడి బిళ్లల చుట్టూ బంగారు కథలు

భద్రాచలం చుట్టుపక్కల ఊళ్లలో అటక మీది డబ్బాలోంచి ఓ ఇత్తడి బిళ్ల బయటపడిందంటే అది రామమాడ అయిపోతుంది. మధ్యలో చదరపు చిల్లు ఉంటే చైనా రాజుల నాణెం. మొదటిది దేవుడి గూట్లోకి చేరుతుంది, రెండోది ఎర్రదారం కట్టించుకుని గల్లాపెట్టెలోకి వెళ్తుంది. పూజ చేసుకునేవాళ్లతో పేచీ ఏమీ లేదు. అదే బిళ్లను చూపించి లక్షలు పలుకుతుందనే వాళ్లతోనే పేచీ.

అపోహ: పట్టాభిషేకం బొమ్మ ఉన్న బిళ్ల, రాముడు తానీషాకు చెల్లించిన మాడే.

కంచర్ల గోపన్నది ఖమ్మం దగ్గరి నేలకొండపల్లి. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో భద్రాచలంలో రాముడి గుడి కట్టించాడని గోల్కొండ సుల్తాను తానీషా చెరసాల పాలయ్యాడు. రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మాడలు కట్టి విడిపించారని భక్తుల విశ్వాసం. దాని జోలికి మనం పోవద్దు, చేతిలో ఉన్న బిళ్లనే చదువుదాం. ఒకవైపు సింహాసనం మీద సీతారాములు, పక్కన తమ్ముళ్లు, కాళ్ల దగ్గర హనుమంతుడు. రెండోవైపు విల్లు పట్టుకున్న రామలక్ష్మణులు, చుట్టూ నాగరి అక్షరాలు, చాలావాటి మీద నాగరి అంకెల్లోనే 51740. ఆ అంకె తెలిసిన ఏ శకానికీ పొసగదు. త్రేతాయుగం నాటి లెక్క అంటారు కొందరు. త్రేతాయుగంలో నాగరి లిపి ఎక్కడిదని అడిగితే మాట మారుస్తారు. తానీషాగా మనకు తెలిసిన అబుల్ హసన్ కుతుబ్ షా 1672 నుంచి 1687 వరకు ఏలాడు. కుతుబ్ షాహీల నాణేల మీద ఉండేది అరబిక్ లిపి రాతలే, దేవతల బొమ్మలు కావు.

సేకర్తలు ఈ బిళ్లలను రామటంకాలంటారు. ఇవి గుళ్ల దగ్గర, తీర్థాల్లో భక్తులు కొనుక్కెళ్లినవి. బంగారంతో చేసిన పాతవీ ఉన్నాయి, వెండివీ ఉన్నాయి. ఇత్తడివి మాత్రం నిన్నమొన్నటి దాకా తయారవుతూనే వచ్చాయి. చెలామణీ డబ్బు కాదు కాబట్టి వీటిని ఏ రాజుకూ అంటగట్టలేం.

ఈస్ట్ ఇండియా కంపెనీ పేరుతో, 1818 అని వేసి, హనుమంతుడో పద్మమో ముద్రించిన అణా బిళ్లలు కూడా ఉత్తుత్తివే. అలాగని కంపెనీ నాణేల మీద దేవుళ్లే లేరనుకోవద్దు. మద్రాసు టంకశాల వరహాల మీద విష్ణుమూర్తి ఉన్నాడు. కాకపోతే అవి బంగారానివి. 1835 నాటి రాగి పావు అణా తీసి చూడండి, దాని మీద కంపెనీ చిహ్నమే కనిపిస్తుంది.

అపోహ: ఎర్రదారం కట్టిన మూడు చిల్లు కాసులు చైనా చక్రవర్తుల కాలానివి.

ఫెంగ్ షూయ్ దుకాణాల సరుకులో చాలాభాగం ఇప్పటి పోతలే. అసలువాటి సంగతి వేరు. చదరపు చిల్లు గుండ్రటి కాసు క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో చిన్ చక్రవర్తి నాటికే స్థిరపడింది, 1912లో రాజరికం పోయేదాకా నిలిచింది. మొదట్లో కంచు, 16వ శతాబ్దం నుంచి ఇత్తడి, అంటే రాగి, జింకు, కొంచెం సీసం. మన టంకశాలల్లోలా సుత్తితో ముద్ర కొట్టేవాళ్లు కాదు. మూల నాణేన్ని మెత్తటి ఇసుకలో ఒత్తి, ఆ గుంటల్లోకి కరిగిన లోహం పోసేవాళ్లు. కొమ్మకు కాయల్లా అంటుకుని వచ్చిన కాసులను విరిచి, చదరపు కడ్డీకి గుచ్చి, అంచులన్నీ ఒకేసారి ఆకురాయితో రాకేవాళ్లు. చదరపు చిల్లు అక్కరకొచ్చేది అక్కడే: గుండ్రటి చిల్లయితే రాకేటప్పుడు కాసు కడ్డీ మీద గిర్రున తిరిగిపోతుంది.

ఇప్పుడు చియెన్‌లుంగ్ చక్రవర్తి (1736–1795) కాలపు కాసునొకదాన్ని భూతద్దం కింద పెడదాం. ముందువైపు నాలుగు అక్షరాలు. పైన, కింద ఉన్నవి చక్రవర్తి పాలనా నామం. కుడి, ఎడమల ఉన్నవి ‘చెలామణీ ధనం’ అని చెప్పే ‘తుంగ్ పావ్’. వెనకవైపు చిల్లుకు అటూ ఇటూ నిలువుగా మంచూ లిపి, కుడివైపున్నది టంకశాల పేరు. అంచు మీద సన్నటి ఆకురాయి గీతలు. అక్షరాల మధ్య నేల చదునుగా ఉన్నా, వేలితో తడిమితే ఇసుక గరుకు లీలగా తగులుతుంది. నకిలీలో అక్షరాలు సబ్బు అరిగినట్టు మొద్దుబారి ఉంటాయి, సన్నటి బుడగల గుంటలు కనిపిస్తాయి, మురికి కూడా అన్ని చోట్లా ఒకే మందాన పూసినట్టుంటుంది. మూడు కాసుల్లోనూ ఒకే చోట ఒకే గీత ఉంటే ఇక చూడాల్సింది లేదు. వెనకవైపు బోడిగా ఉంటే అది జపాన్ కాసు కావచ్చు. నాలుగు అక్షరాల వరసా, చదరపు చిల్లూ వాళ్లకూ ఉన్నాయి. గుండ్రటి చిల్లుతో 1943 అని ఉందా? అది మన తాతల చిల్లు పైసానే.

అసలుదే దొరికినా ఎగిరి గంతేయనక్కర్లేదు. ఈ కాసులను కోట్ల కొద్దీ పోశారు, మామూలువి కొన్ని వందల రూపాయలకే వస్తాయి. బంగారు కథలు చైనావాళ్లకూ ఉన్నాయి. కాంగ్‌షీ చక్రవర్తి కాలపు ఒక రకం కాసులో, కరిగించిన స్వర్ణ బౌద్ధ విగ్రహాల బంగారం కలిసిందని అక్కడ చాలాకాలం నమ్మారు. పరీక్షిస్తే అదీ ఇత్తడే.

అపోహ: బియ్యాన్ని లాగే నాణెంలో ఇరీడియం ఉంటుంది.

ఇరీడియానికి అయస్కాంత గుణం లేదు, ఇత్తడికీ లేదు. గింజలకు ఇనుప రజను పట్టించి, బిళ్ల అడుగున అయస్కాంతం దాస్తే బియ్యం కదులుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులు పట్టుకున్న ‘రైస్ పుల్లింగ్’ ముఠాల కనికట్టంతా ఇంతే. మీ బిళ్లే అయస్కాంతానికి అతుక్కుంటే లోపల ఇనుము ఉందన్నమాట.

పండగకు బిందెలతో పాటు పాత నాణేలనూ చింతపండు పెట్టి తోమేస్తారు. మెరిస్తే ధర పెరుగుతుందనుకోవడం శుద్ధ పొరపాటు. ఏళ్ల తరబడి పట్టిన పై పొరే నాణెం వయసుకు సాక్ష్యం. అది పోయాక సేకర్త దాని వంక చూడడు. మంచినీళ్లలో కడిగి మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెడితే సరిపోతుంది.

పొలం దున్నుతుంటే నాగలికి తగిలిన కుండ గురించి ఒక మాట. దొరికినవాడిదే సొత్తనుకుంటారు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, మట్టిలో దాగి దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ పది రూపాయలు 1878లో పెట్టిన అంకే, చట్టంలో ఇప్పటికీ మారలేదు.