గొట్టంలో గాలి బుడగ... భయపడాలా?

సెలైన్ ఎక్కుతుంటే బంధువుల చూపంతా గొట్టం మీదే. చిన్న బుడగ కనిపిస్తే చాలు... 'సిస్టరమ్మా, గాలి పోతోంది!' అంటూ పరుగు. ఇంతకీ ఆ బుడగ ప్రాణం తీస్తుందా?

సాధారణంగా తీయదు. చేతి నరంలోంచి వెళ్లిన ఆవగింజంత బుడగ ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లో ఆగి, కరిగిపోతుంది. పెద్దవాళ్ల ప్రాణానికి ముప్పు తెచ్చే గాలి 200 నుంచి 300 మి.లీ. అని వైద్యుల అంచనా. పసిపిల్లలకూ, గుండెలో రంధ్రం ఉన్నవాళ్లకూ మాత్రం కొద్ది గాలి కూడా ప్రమాదమే. అందుకే సూదికి కలిపేముందు నర్సులు కొంత ద్రవం వదిలి, గొట్టంలో గాలి లేకుండా చేస్తారు.

2022లో వనపర్తి, నాగర్‌కర్నూలుకూ, 2024లో గద్వాలకూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. పెద్ద వైద్యం ఇంటికి దగ్గరైంది. కాబట్టి ఈ జాగ్రత్తలు ఇంటిల్లిపాదికీ తెలియాలి.

డయాలసిస్ యంత్రం బుడగను పసిగట్టగానే అలారం మోగించి, రక్తం వెళ్లే గొట్టాన్ని మూసేస్తుంది. అప్పుడు మీరే మీట నొక్కకండి, సిబ్బందిని పిలవండి.

అసలు జాగ్రత్త మెడ దగ్గరి పెద్ద సిరలో పెట్టిన గొట్టంతో. దాని మూత ఊడితే, ఊపిరి పీల్చినప్పుడల్లా గాలి లోపలికి పోతుంది. దాన్ని తీసేటప్పుడు రోగిని పడుకోబెట్టేదీ అందుకే. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం కనిపిస్తే క్షణం ఆలస్యం వద్దు. సిబ్బంది గొట్టం మూసి, తల కిందికి ఉండేలా ఎడమవైపు తిప్పి, ఆక్సిజన్ పెడతారు.

నీరసమని ఇంట్లోనే సీసా కట్టించుకుంటే ఇవన్నీ చూసేదెవరు?