చిట్కా క్రింది చేవ్రాలు

జిరాక్సు యంత్రము మొరాయించినప్పుడు బాగుచేయ వచ్చు పనివానికి కంపెనీ వారొక లావుపాటి పుస్తక మిచ్చిరి. అయినను 1980 దశకమున అమెరికాలో ఆ పనివారి వెంట తిరిగి చూచిన మానవశాస్త్రజ్ఞుడు జూలియన్ ఓర్ కనుగొన్నది వేరు. పుస్తకము చేతులెత్తివేసిన చోట వారి నాదుకొన్నవి భోజనవేళ చెప్పుకొనిన మరమ్మతు కథలు! పైవారి కంటికవి ఉబుసుపోక కబుర్లు. పనివారికి అదియే పాఠశాల.

1990 దశకమున ఆ కంపెనీలో ‘యురేకా’ అను ఏర్పాటు వెలసెను. మొదట ఫ్రాన్సున, మినిటెల్ తెరలమీద. పనివాడు తాను కనిపెట్టిన చిట్కాను వ్రాసి పంపును. తోడి పనివారే దానిని పరీక్షించి, సరియైనచో అందరికిని అందింతురు. చిట్కాకు సొమ్మిచ్చు ఆలోచన వచ్చినప్పుడు వారు వలదనిరి. సొమ్ము చేరినచో చిట్కాల సంఖ్య పెరుగును గాని పస తగ్గును గదా! చిట్కాతోపాటు తమ పేరుండిన చాలుననిరి.

నలుగురిలో అణగియుండిన నేర్పు ఆ విధముగా పేరుతో సహా దేశములు దాటెను. పనివానికిది చిన్న గౌరవము కాదు. అయితే తెరమీద కనబడునది వ్రాసినవాని పేరే. భోజనపు బల్లవద్ద “ఆ చప్పుడు కాగితము లోనికి పోవునప్పుడా, వెలికి వచ్చునప్పుడా?” అని యడిగి, అతనికి దారి తోపించినవాని పేరు అందు లేదు.