నిజాయితీకి పడుతున్న జరిమానా

హైదరాబాద్‌లో జిమ్‌ల చుట్టూ సాగే చాటుమాటు వ్యాపారంలో పోలీసులకు, రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులకు కొన్నేళ్లుగా మళ్లీ మళ్లీ దొరుకుతున్న చిన్న గాజు సీసా ఒకటుంది. పట్టుమని పది మిల్లీలీటర్లు కూడా మించని ఆ సీసా మీద మెఫెంటర్‌మైన్ సల్ఫేట్ ఇంజెక్షన్ అని రాసి ఉంటుంది. ఆపరేషన్ సమయంలో వెన్నుకు మత్తు ఇచ్చాక రోగి బీపీ పడిపోతే, దాన్ని నిలబెట్టడానికి మత్తు డాక్టర్ వాడే మందు అది. నరాల చివర్లలో నిల్వ ఉండే నార్‌ఎడ్రినలిన్‌ను ఒక్కసారిగా బయటికి నెడుతుంది. గుండె గట్టిగా కొట్టుకుంటుంది, రక్తం ఉరకలేస్తుంది, కాసేపు అలసట తెలియదు. థియేటర్‌లో అయితే పక్కనే మానిటర్ ఉంటుంది, క్షణక్షణం నాడి చూసే డాక్టర్ ఉంటాడు. జిమ్ మూలన సూది గుచ్చుకునే కుర్రాడి పక్కన ఎవరూ ఉండరు. ఇక ఆగమని శరీరం చేసే హెచ్చరిక అతని చెవికెక్కదు. గుండె లయ తప్పడం, బీపీ పెరిగి మెదడులో రక్తనాళం చిట్లడం, మందు లేనిదే లేవలేని అలవాటు, మతిభ్రమణం వంటివన్నీ ఆ సీసా వెంట వచ్చే ప్రమాదాలే.

ఇది హైదరాబాద్ గొడవ, మన ఇల్లందుకు దీంతో ఏం పని అనుకోవడానికి వీల్లేదు. 1889లో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైన గడ్డ ఇది. ఒకప్పుడు బాయిలో దిగితే బతుకు గడుస్తుందన్న భరోసా ఉండేది. ఆ తర్వాత గనులు ఓపెన్‌కాస్ట్‌లయ్యాయి, మనుషులు చేసే పనిని యంత్రాలు చేస్తున్నాయి. ఇల్లందు, గుండాల, టేకులపల్లి, బయ్యారం మండలాల కోయగూడేల్లో, లంబాడీ తండాల్లో పెరిగిన పిల్లలకు ఇప్పుడు కనిపించే దారులు కొన్నే. పోలీసు ఈవెంట్స్, ఆర్మీ పరుగు, స్పోర్ట్స్ కోటా వాటిలో ముఖ్యమైనవి. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు తెలంగాణలో 2 శాతం కోటా ఉంది. పాల్వంచ మండలం కిన్నెరసానిలో గిరిజన సంక్షేమ శాఖ క్రీడా పాఠశాల నడుస్తోంది. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచాక, ఈ అడవి అంచు ఊళ్లలో ఆట మీద ఆశ మరింత పెరిగింది. ఇక్కడి పిల్లలు మందులు వాడుతున్నారని నేను అనడం లేదు. గెలుపు విలువ పెద్దదై, దాన్ని చేరే దారులు ఇరుకైన ప్రతిచోటా సూది పట్టుకుని ఎవరో ఒకరు వచ్చి నిలబడతారన్నదే నా మాట. అతను వచ్చేలోపే మనం సిద్ధపడాలి.

డోపింగ్ వార్త రాగానే మనం ఆ ఆటగాడి స్వభావాన్ని తిట్టి ఊరుకుంటాం. అడ్డదారి తొక్కాడు, పరువు తీశాడు అంటాం. అంతటితో ఆగితే అసలు నష్టపోయినవారు మన కంటికి కనబడరు. డోపింగ్ అందరికంటే ముందు దెబ్బకొట్టేది మందు ముట్టని ఆటగాణ్ని. పక్కవాడు సూదితో సంపాదించుకున్న బలం ఇతని కష్టం మీద వేసిన జరిమానా అవుతుంది. ఈ సంగతిని లోకానికి అందరికంటే స్పష్టంగా చూపించిన ఆట అమెరికా బేస్‌బాల్. మనకు క్రికెట్ ఎంతో వాళ్లకు అదంత. తెలుగు కుటుంబంలో పుట్టిన అర్జున్ నిమ్మల 17 ఏళ్ల వయసులో, 2023లో, టొరంటో బ్లూ జేస్ జట్టుకు మొదటి రౌండ్‌లోనే ఎంపికయ్యాడు కనుక ఆ ఆట ఇప్పుడు మనకు మరీ పరాయిది కూడా కాదు. అతని తరం ఆటగాళ్లు గట్టి పరీక్షల మధ్య ఆడుతున్నారు. ఆ పరీక్షలు రావడానికి ముందు జరిగిన కథ మనకు కావాలి.

1994లో ఆటగాళ్ల సమ్మెతో ఆ ఏడాది వరల్డ్ సిరీస్ రద్దయింది. జనం అలిగి స్టేడియాలకు దూరమయ్యారు. వాళ్లను తిరిగి రప్పించింది 1998 నాటి హోమ్ రన్ల పోటీ. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిది. ఒకే సీజన్‌లో 61 హోమ్ రన్లన్న రోజర్ మారిస్ రికార్డు 1961 నుంచి చెక్కుచెదరలేదు. ఆ ఏడాది మార్క్ మెక్‌గ్వైర్ 70, సామీ సోసా 66 కొట్టారు. ఆగస్టులో ఓ విలేకరి మెక్‌గ్వైర్ లాకర్‌లో ఆండ్రోస్టెన్‌డయోన్ సీసా చూసి రాశాడు. అది శరీరంలోకి వెళ్లి టెస్టోస్టిరాన్‌గా మారే పదార్థం. ఒలింపిక్స్‌లో నిషిద్ధం, బేస్‌బాల్‌లో మాత్రం అప్పటికి నిషేధం లేదు. ఆ సీసా గురించి రాసినందుకు చాలామంది ఆ విలేకరినే తప్పుబట్టారు. స్టెరాయిడ్లు వాడకూడదని 1991లోనే బేస్‌బాల్ కమిషనర్ ఒక మెమో పంపారు గాని, పరీక్షించే ఏర్పాటు లేదు. జట్ల యజమానులకు గేటు వసూళ్లు పెరిగాయి, ఆటగాళ్ల సంఘం పరీక్షలకు ఒప్పుకోలేదు, అభిమానులకు ఆనందంగా ఉంది. 2001లో మరో ఆటగాడు బ్యారీ బాండ్స్ 73 కొట్టాడు. తాను స్టెరాయిడ్లు వాడానని మెక్‌గ్వైర్ ఒప్పుకున్నది 2010లో, అంటే పన్నెండేళ్ల తర్వాత.

ఈ మౌనం పగిలింది ఆట లోపలి నుంచి కాదు. 2003లో ఫెడరల్ అధికారులు కాలిఫోర్నియాలోని బాల్కో అనే సంస్థపై దాడి చేశారు. పరీక్షల్లో దొరక్కుండా ప్రత్యేకంగా తయారుచేసిన స్టెరాయిడ్ అక్కణ్నుంచి పేరున్న క్రీడాకారులకు చేరినట్టు బయటపడింది. అదే ఏడాది బేస్‌బాల్‌లో పేర్లు బయటపెట్టబోమన్న షరతుతో నమూనా పరీక్షలు జరిగాయి. ముందే తెలిసిన పరీక్షలైనా 5 నుంచి 7 శాతం పాజిటివ్ వచ్చాయి. 2005 మార్చిలో అమెరికా కాంగ్రెస్ కమిటీ ఆటగాళ్లను పిలిచి ప్రశ్నించింది. 2007 డిసెంబర్‌లో మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ 409 పేజీల నివేదికలో 89 మంది ఆటగాళ్ల పేర్లు పెట్టాడు. ప్రముఖుల పేర్లే పతాక శీర్షికలయ్యాయి గాని, ఆ నివేదికలో అంతకంటే బరువైన మాట వేరొకటి ఉంది. నిజాయితీగా ఆడేవాడి ముందు రెండే దారులు మిగిలాయని, తానూ మందు వాడాలి లేదా వెనకబడాలని అది తేల్చింది. జట్టులో ఇరవై అయిదో స్థానం కోసం ఇద్దరు పోటీపడితే, ఒకడు మందు వాడి ఆ స్థానం దక్కించుకుంటే, రెండోవాడు కింది లీగ్‌లోనే మిగిలిపోయి కొన్నేళ్లకు ఆట వదిలేస్తాడు. అతని పేరు ఏ నివేదికలోనూ ఉండదు. ఓడిపోయినవాడిగా కూడా అతను ఎవరికీ గుర్తుండడు.

మన దగ్గర ఈ జరిమానా మరో రూపంలో పడింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ అయ్యింది. ఆమెను చూసి ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎందరో ఆడపిల్లలు బార్‌బెల్ పట్టారు. నాలుగేళ్లు తిరగకముందే ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఇద్దరు భారత లిఫ్టర్లు డోప్ పరీక్షలో దొరికారు. ఆ తర్వాత కూడా కేసులు ఆగలేదు. జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య అంతర్జాతీయ సస్పెన్షన్లకు గురైంది. సమాఖ్యను పక్కనపెట్టినప్పుడు ఏ మందూ ఎరగని లిఫ్టర్‌కూ పోటీ ఉండదు. ఇప్పటి సంగతీ ఊరటనిచ్చేలా లేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా లెక్కల్లో, ఎక్కువ పరీక్షలు చేసే దేశాల్లో పాజిటివ్ శాతం మన దేశానిదే అత్యధికం. 2023లో అది 3.8 శాతం, 2024లో 7,113 పరీక్షలకు 260 పాజిటివ్‌లతో 3.6 శాతం. 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు డోప్ పరీక్షల అధికారులు వచ్చారని తెలియగానే చాలామంది మైదానం వదిలి వెళ్లిపోయారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒకే ఒక్కడు పరుగెత్తాడు. ఆ ఒక్కడి పరుగుకు పోటీయే లేకుండా పోయింది. అది కూడా ఓ జరిమానాయే.

అందరూ వాడుతుంటే అందరికీ అనుమతి ఇచ్చేస్తే సమానమైపోతుంది కదా అనేవాళ్లున్నారు. ఈ వాదన వినడానికి సూటిగా ఉన్నా లోపల బోలుగా ఉంది. ఒకే మోతాదు ఇద్దరి శరీరాల మీద ఒకేలా పనిచేయదు. డబ్బున్నవాడికి డాక్టర్ పర్యవేక్షణ, రక్తపరీక్షలు, మేలురకం మందు దొరుకుతాయి. లేనివాడికి దొరికేది గడువు తీరిన సీసా, ఎవరో వాడిన సిరంజి. అనుమతి ఇచ్చిన మరుక్షణం మందు ఆటలో చేరడానికి కట్టాల్సిన రుసుము అవుతుంది. పదహారేళ్ల పిల్లవాడు కూడా అది కట్టాల్సిందే. డొమినికన్ రిపబ్లిక్‌లో బేస్‌బాల్ క్లబ్బులు పదహారేళ్లకే పేద పిల్లలతో ఒప్పందాలు చేసుకుంటాయి. ఆ ఒప్పందాల సొమ్ములో వాటా తీసుకునే మధ్యవర్తులు అక్కడ ఉంటారు. పెద్ద లీగ్ పరీక్షలు అక్కడికీ విస్తరించాక, ఆ కింది స్థాయి లీగ్‌లో ఏటా పదుల సంఖ్యలో కుర్రాళ్లు దొరికారు. పైన వదిలేసిన తాడు కింద పిల్లల మెడకు చుట్టుకుంది. ఎదిగే వయసులో స్టెరాయిడ్లు ఎముకల చివర్లను ముందే మూసేసి ఎత్తు ఆపేస్తాయి. మగవాళ్లలో సహజంగా తయారయ్యే హార్మోన్ ఆగిపోతుంది, ఆడపిల్లల గొంతు శాశ్వతంగా మారవచ్చు, గుండె కండరం మందమవుతుంది.

మరికొందరు, నూరు మైళ్ల వేగంతో వచ్చే బంతిని కొట్టడానికి కంటిచూపు, చేతి సాధన కావాలి గాని మందు నేర్పదు కదా అంటారు. నిజమే, మందు ఆట నేర్పదు. అయితే పై స్థాయిలో ఆట వచ్చినవాళ్ల మధ్యే పోటీ. అక్కడ తేడా వెంట్రుకవాసి. బ్యాట్ నుంచి బంతి వెళ్లే వేగం నాలుగు శాతం పెరిగినా హోమ్ రన్లు కనీసం సగం మేర పెరగవచ్చని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త రోజర్ టోబిన్ 2008లో లెక్కగట్టాడు. బౌండరీ దాటీదాటని బంతులే ఎక్కువ కాబట్టి కొద్దిపాటి వేగం పెద్ద ఫలితం ఇస్తుంది. పరుగులోనూ అంతే. ఎంపికైనవాడికి, కానివాడికి మధ్య ఒక్క సెకనే ఉన్నచోట ఒక్క సెకనును దొంగిలిస్తే చాలు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. తెలియక తప్పు చేసినవాళ్లను కూడా పరీక్షలు ముంచుతాయన్నదే అది. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 2019లో క్రికెటర్ పృథ్వీ షా నమూనాలో దగ్గు మందుల్లో ఉండే టర్బుటలిన్ దొరికింది. తెలియక వాడానని చెప్పాడు, ఆ మాట నమ్మిన బీసీసీఐ కూడా ఎనిమిది నెలలు నిషేధించింది. జట్టు డాక్టర్ ఉన్న ఆటగాడికే ఇలా జరిగితే, ఆర్‌ఎంపీ ఇచ్చిన సూది వేయించుకుని మర్నాడు పోటీకి వెళ్లే గూడెం పిల్లకు ఏ రక్షణ ఉంది? పరీక్ష పద్ధతిలోనే కొంత రక్షణ ఉంది. అధికారి కళ్లెదుటే ఇచ్చిన మూత్రాన్ని రెండు సీసాల్లో పోస్తారు. మూత బిగించాక పగలగొడితే తప్ప రాని సీసాలవి. ఒకటి ఏ, రెండోది బీ. ఏ నమూనాలో దొరికితే బీ నమూనాను తన సమక్షంలో తెరిపించుకునే హక్కు ఆటగాడిది. వైద్యం కోసం నిషిద్ధ మందు తప్పనిసరైతే ముందే అనుమతి కోరవచ్చు. అయితే ఈ హక్కులున్నాయని చెప్పేవాళ్లు లేకపోతే అవి కాగితం మీదే ఉంటాయి. అందువల్ల పరీక్షలు తగ్గించడం దీనికి మందు కాదు. పరీక్ష కంటే ముందే చదువు చెప్పడం మందు.

శిక్ష సంగతిలోనూ మన చూపు మారాలి. మెఫెంటర్‌మైన్ వంటి మందుతో దొరికిన ఆటగాడికి సాధారణంగా నాలుగేళ్ల నిషేధం. పందొమ్మిదేళ్ల కుర్రాడు ఇరవై మూడేళ్లకు తిరిగొస్తాడు, కోటా ఉద్యోగం చేజారిపోతుంది. అతనికి సూది ఇచ్చినవాడు మాత్రం మరో కుర్రాణ్ని వెతుక్కుంటాడు. ఫ్లోరిడాలో ఆంథనీ బోష్ అనే వ్యక్తి వైద్య లైసెన్స్ లేకుండానే డాక్టర్‌లా చలామణీ అయ్యి, బేస్‌బాల్ తారలతోపాటు హైస్కూలు పిల్లలకూ మందులు అమ్మాడు. 2013లో అతని బయోజెనెసిస్ క్లినిక్ గుట్టు రట్టయ్యాక ఆ తారల్లో ఒకడైన అలెక్స్ రోడ్రిగెజ్‌కు ఒక పూర్తి సీజన్, అంటే 162 మ్యాచ్‌ల నిషేధం పడింది. బోష్‌కు నాలుగేళ్ల జైలు శిక్ష పడింది. గుండె నిబ్బరం కలిగించే భాగం ఇదే, ఇచ్చినవాడి దాకా చట్టం వెళ్లింది. మన దగ్గర 2022లో జాతీయ డోపింగ్ నిరోధక చట్టం వచ్చింది. మైనర్‌కు మందు ఇచ్చిన కోచ్‌ను జీవితాంతం ఆటకు దూరం చేసే వీలు అంతర్జాతీయ నియమావళిలో ఉంది. అయితే పోలీసు ఈవెంట్స్, ఆర్మీ పరుగు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా పరిధిలోకి రావు. అక్కడ కాపలా కాయాల్సింది ఊరే.

ఆ కాపలాకు పెద్ద నిధులేమీ అక్కర్లేదు. మందుల షాపు యజమాని చీటీ లేకుండా ఆ సీసా అమ్మకపోతే సగం పని అయినట్టే. పీఈటీ, కోచ్ తమ పిల్లలకు నిషిద్ధ మందుల గురించి ఏటా ఒక పూట చెబితే, దగ్గు మందు కొనేముందు అడిగి కొనే అలవాటు వస్తుంది. ఏ సూది వేయించుకున్నా, ఏ ప్రొటీన్ డబ్బా కొన్నా దాని పేరు రాసి పెట్టుకోమని పిల్లలకు నేర్పాలి. తల్లిదండ్రులు రెండు నెలల్లో మారిపోయిన ఒంటిని చూసి మురిసిపోయే ముందు, ఏం తింటున్నావు, ఎవరిస్తున్నారు అని అడగాలి. బేస్‌బాల్ పెద్దలు చూసి కూడా చూడనట్టు ఊరుకున్న ఏళ్లకు వాళ్ల ఆట ఇప్పటికీ మూల్యం చెల్లిస్తోంది. కెరీర్‌లో 762 హోమ్ రన్లు కొట్టిన బ్యారీ బాండ్స్, తెలిసి స్టెరాయిడ్లు వాడలేదని చెబుతూ వచ్చినా, 2022లో విలేకరుల ఓటింగ్‌లో పదో, ఆఖరి ప్రయత్నంలోనూ ఆ ఆట దిగ్గజాలకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు కావలసిన 75 శాతం ఓట్లు రాక 66 శాతం దగ్గర ఆగిపోయాడు. తెల్లవారకముందే లేచి సింగరేణి గ్రౌండ్‌లో పరుగు తీసే మన పిల్లలు ఆ మూల్యం కట్టే పరిస్థితి రాకూడదు. నీళ్లు, తిండి, నిద్ర, సాధన మీద మాత్రమే ఆధారపడిన పిల్లవాడు ఓడిపోయినా తలెత్తుకుని ఇంటికి రావాలి, గెలిస్తే ఆ గెలుపు పూర్తిగా అతనిదే కావాలి. ఆ భరోసా ఇవ్వాల్సింది కోచ్‌లు, డాక్టర్లు, దుకాణదారులు, తల్లిదండ్రులు. అంటే మనమే.