పొద్దుగూకే వేళ ఎరుపు: అగ్నిపర్వతం వాటా ఎంత?

2025 నవంబరు 23న ఇథియోపియాలో హేలీ గుబ్బి అగ్నిపర్వతం పేలింది. ఒకటి రెండు రోజుల్లోనే దాని బూడిద మేఘం గుజరాత్, రాజస్థాన్, ఢిల్లీల మీదుగా చైనా వైపు సాగిపోయింది. విమానాలు కొన్ని రద్దయ్యాయి. ఇలాంటి వార్త వచ్చిన వారంలో సాయంత్రం ఆకాశం కాస్త ఎర్రబడితే చాలు, ఆ రంగును అగ్నిపర్వతం ఖాతాలో వేసేస్తాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కనిపించే ఎరుపులో నిజంగా దాని వాటా ఎంత?

అపోహ: అగ్నిపర్వతపు బూడిద కూడా పొయ్యి బూడిద లాంటిదే.

వాస్తవం: మిర్యాలగూడ రైస్ మిల్లుల బాయిలర్లలో మిగిలేది కాలిన ఊక. అగ్నిపర్వతం లోపల అలా కాలేదేమీ లేదు. శిలాద్రవంలో ఇమిడి ఉన్న వాయువులు ఒక్కసారిగా ఉబ్బడంతో అది చిన్నాభిన్నమై, చల్లబడి, రాతిపొడిగా, సన్నని గాజు పెంకులుగా మారుతుంది. ఈ గాజు విమానం ఇంజిన్ వేడికి కరిగి లోపల అతుక్కుంటుంది. విమానాలు ఆపేది అందుకే.

అపోహ: ఆకాశానికి రంగు పూసేది ఈ బూడిదే.

వాస్తవం: బూడిద బరువు. చాలా భాగం కొన్ని రోజుల్లోనే నేలకు రాలుతుంది. నెలల తరబడి రంగులు నిలిపేది దానితోపాటు పైకి ఎగిసే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు. సుమారు 20 కిలోమీటర్ల ఎత్తున, స్ట్రాటోస్ఫియర్‌లో, అది నీటి ఆవిరితో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లపు అతి సన్నని తుంపరలవుతుంది. అక్కడ వానలు పడవు కాబట్టి వాటిని కడిగేసేదీ లేదు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినతుబో వెదజల్లిన సుమారు ఒకటిన్నర, రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ ఇలాగే ప్రపంచమంతా పరుచుకుంది. భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది.

అపోహ: ఎక్కడ పేలినా మన సాయంత్రాలు మారతాయి.

వాస్తవం: ఎంత ఎత్తుకు ఎగిసింది, ఎంత గంధకం మోసింది, గాలి ఎటు తోలింది అనే మూడూ కలిసిరావాలి. హేలీ గుబ్బి మేఘం ఉత్తరాది మీదుగా వెళ్లింది. అండమాన్‌లోని బారెన్ దీవి మన దేశపు ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం. 1991 నుంచి అడపాదడపా రాజుకుంటున్నా, దాని చిన్న పేలుళ్లకు మన ఆకాశాన్ని మార్చే సత్తా లేదు.

అపోహ: సముద్రాల అవతల పేలితే తెలుగు నేలకు ఏం సంబంధం?

వాస్తవం: 1883 ఆగస్టు 27న ఇండోనేషియాలో క్రకటోవా బద్దలైంది. దాని మేఘం సుమారు రెండు వారాల్లో భూమధ్యరేఖ వెంట భూమిని చుట్టేసింది. సెప్టెంబరులో మద్రాసులోనూ, ఒంగోలులోనూ సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. మద్రాసు క్రిస్టియన్ కళాశాల ఆచార్యుడు మిచీ స్మిత్ ఆ వెలుగును వర్ణపటదర్శినితో పరిశీలించాడు. రేణువులన్నీ ఇంచుమించు ఒకే సైజులో, కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉంటే నీలం కన్నా ఎరుపే ఎక్కువ చెదిరిపోయి, సూర్యబింబం ఆకుపచ్చగానో నీలంగానో కనిపిస్తుంది. అదే ఏడాది నవంబరు చివర్లో అమెరికాలోని పకీప్సీలో సాయంత్రపు ఎరుపు చూసి ఊరు తగలబడుతోందనుకుని అగ్నిమాపక సిబ్బందిని పిలిచారు.

అంతకంటే పాత సాక్ష్యం నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా నుంచి వచ్చిన బూడిద అక్కడ జుర్రేరు లోయ మట్టిలో తెల్లటి పొరగా ఇప్పటికీ కనిపిస్తుంది.

అపోహ: దుమ్ము, పొగ ఎంత ఎక్కువైతే సూర్యాస్తమయం అంత అందం.

వాస్తవం: గాలి పరిశుభ్రంగా ఉన్నా సాయంత్రం ఎర్రబడుతుంది. అప్పుడు వెలుగు వాతావరణంలో ఏటవాలుగా ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. వానాకాలం కోతలయ్యాక కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ, హైవే దుమ్ము, కోదాడ చుట్టుపక్కల సిమెంటు ధూళి, చలికాలపు మంచు... ఇవన్నీ నేలకు దగ్గరగానే ఉంటాయి. వీటిలోని రేణువులు పెద్దవీ చిన్నవీ కలగలిసి ఉండడంతో అన్ని రంగులనూ మసకబారుస్తాయి. సూర్యబింబం మాత్రం మసక ఎరుపుతో, కాంతి లేకుండా దిగంతానికి చేరకముందే మాయమవుతుంది. ఈ ధూళిని కడిగేసే పెద్ద వాన వెలిసిన సాయంత్రం రంగులు తేటగా ఉండేది ఇందుకే.

తేడా ఎలా తెలుసుకోవాలి?

సూర్యుణ్ణి కాదు, సూర్యుడు మునిగాక పడమటి ఆకాశాన్ని చూడండి. నేల మీద నీడ పరుచుకున్నా 20 కిలోమీటర్ల ఎత్తున ఇంకా ఎండ తగులుతూనే ఉంటుంది. అందుకే పొద్దు గూకాక పావుగంట, అరగంట లోపల దిగంతానికి పైన గులాబీ, ఊదా వెలుగు మళ్లీ అలుముకుంటే అది ఎత్తైన పొర పని కావచ్చు. ఒక్క సాయంత్రంతో తేల్చేయకండి. అదే వేళకు, వేర్వేరు ఊళ్లలో, వారాల తరబడి కనిపిస్తే, అదే కాలంలో గంధకం బాగా చిమ్మిన పెద్ద పేలుడు కూడా ఉంటే అప్పుడు అగ్నిపర్వతం పేరు చెప్పండి. మిగతా రోజుల్లో ఆ ఎరుపు మన గాలిదే, మన దుమ్ముదే.