కణములలోని వ్రాతతప్పులు

మన యుదరములో పెద్దప్రేగు అను నాళ మున్నది. పెద్దవారిలో దాని పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. దాని లోపలి గోడను పలుచని పొర యొకటి కప్పియుండును. ఈ పొరలోని కణములు చాలవరకు నాలుగైదు దినములకంటె నెక్కువ కాలము బ్రతుకవు. పాతవి రాలిపోవుచుండును, వాని స్థానమున క్రొత్తవి పుట్టుచుండును. పుట్టునవియు రాలునవియు సరిసమానముగా నున్నంతకాలము ప్రేగునకు కీడు లేదు. పుట్టుక హెచ్చి చావు తగ్గినచో నచ్చట చిన్న బుడిపె లేచును. అది యనేక సంవత్సరములు నిరపాయముగా నుండవచ్చును; ఒక్కొక్కప్పుడు పెరిగి పెరిగి క్యాన్సరుగా మారవచ్చును. ఈ మార్పు ఏల కలుగుచున్నది?

ప్రతి కణములోను దాని జీవితమునకు వలసిన శాసనము లిఖింపబడియున్నది. దాని పేరు డి.ఎన్.ఏ. అందలి యక్షరములు నాలుగే. తల్లినుండి వచ్చిన ప్రతిలో సుమారు 300 కోట్ల యక్షరములు, తండ్రినుండి వచ్చిన ప్రతిలో సుమారు అన్నియే యక్షరములు గలవు. ఈ మహాగ్రంథములోని అధ్యాయముల వంటివి జన్యువులు. కణము రెండుగా చీలునపుడెల్ల గ్రంథమంతయు తిరిగి వ్రాయబడవలెను. తాటియాకులపై గంటముతో ప్రతులు వ్రాసిన పూర్వపు లేఖకులను తలంచుకొనుడు. ఎంత జాగరూకుడైనను లేఖకుడు ఒకచో నక్షరమును జారవిడుచును. మరియొకచో నొకదానికి బదులు వేరొకటి వ్రాయును. తరువాతివాడు ఆ ప్రతిని చూచియే వ్రాయును గనుక తప్పు నిలిచిపోవును. కణములోను నింతే. ఇట్టి మార్పునకు ఉత్పరివర్తనమని పేరు. పెక్కు తప్పులవలన హాని యేమియు లేదు. అంతేకాక, వ్రాసినదానిని వెంటనే సరిచూచి దిద్దెడి పనివారు కణములోనే యున్నారు. ఆ పనివారిని తయారుచేయు జన్యువులు గూడ నా గ్రంథములోనివే.

అమెరికా దేశమున బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో బెర్ట్ వోగెల్‌స్టీన్ అను వైద్యశాస్త్రజ్ఞుడు తన సహచరులతో గూడి ఈ తప్పులను వెదకెను. వారు చిన్న బుడిపెలను, పెద్ద బుడిపెలను, ముదిరిన క్యాన్సరు కంతులను తెచ్చి వాని డి.ఎన్.ఏ.ను పోల్చి చూచిరి. 1988లో ప్రకటించిన ఫలితములు వైద్యలోకమును ఆశ్చర్యపరచెను. కంతి ముదిరినకొలది దానిలోని తప్పుల సంఖ్య హెచ్చుచుండెను!

ఆ తప్పులలో మూడు ముఖ్యములు. ఏ.పి.సి. అను జన్యువు కణవిభజనకు పగ్గము వంటిది. చిన్న బుడిపెలలో సైతము తరచుగా నిది చెడియుండును. కె.రాస్ అనునది ముల్లుగర్ర వంటిది. అవసరమైనపుడు మాత్రమే పొడువవలసిన యా ముల్లు, ఒక యక్షరము మారుటచే, విడువక పొడుచుచుండును. కణము పరుగు మానదు. మూడవది పి53. డి.ఎన్.ఏ. దెబ్బతిన్న కణమును చీలకుండ నాపుట, అవసరమైనచో నది నశించునట్లు చేయుట దీని పని. ఈ కావలి గూడ తొలగినచో కంతి క్యాన్సరగుటకు అడ్డు మిక్కిలి తగ్గిపోవును. ప్రతి కంతిలోను ఈ మూడును ఇదే వరుసలో చెడునని తలంపరాదు. తప్పులు ప్రోగుపడుటయే ప్రధానము, వాని వరుస కాదని వోగెల్‌స్టీన్, ఎరిక్ ఫియరన్ అనువారు 1990లోనే వ్రాసిరి. ఇన్ని తప్పులు ఒకే కణసంతతిలో చేరుటకు చాలకాలము పట్టును. బుడిపె క్యాన్సరగుటకు సాధారణముగా పదియేండ్లు, అంతకు మించియు కావలెను.

కొన్ని కుటుంబములలో మాత్రము ఈ వ్యాధి చిన్నవయస్సుననే వచ్చుచుండెను. 1895లో మిషిగన్ విశ్వవిద్యాలయమందు ఆల్డ్రెడ్ వార్తిన్ అను ఆచార్యునితో, బట్టలు కుట్టి జీవించు నొక స్త్రీ తన దుఃఖమును చెప్పుకొనెను. తన కుటుంబమున పలువురు క్యాన్సరుతో మరణించిరనియు, తనకును అదే గతి యనియు ఆమె చెప్పెను. వార్తిన్ ఆ మాటలను త్రోసిపుచ్చక, జర్మనీనుండి వలసవచ్చిన యా కుటుంబముయొక్క వంశవృక్షమును శ్రద్ధగా వ్రాసి, 1913లో ప్రచురించెను. ఆమె చెప్పినట్లే చిన్నవయస్సున గర్భాశయ క్యాన్సరుతో మరణించెను. క్యాన్సరు వంశానుగతముగా వచ్చునన్న మాటను ఆనాడు నమ్మినవారు బహుస్వల్పము. 1960లలో హెన్రీ లించ్ అను వైద్యుడు నెబ్రాస్కా రాష్ట్రమున నిట్టి కుటుంబమునే కనుగొని, చిరకాలము పట్టు విడువక పరిశోధించెను. నేడు ఈ వ్యాధి యాయన పేరనే వ్యవహరింపబడుచున్నది.

ఆ రహస్యము బయటపడుటకు బాక్టీరియాలను, రొట్టెలవారు వాడు ఈస్టును పరిశీలించువారు తోడ్పడిరి. ఆ కుటుంబములవారి కంతులలో, డి.ఎన్.ఏ.యందు ఒకే యక్షరముల జత మరల మరల వచ్చు చోట్లు పొడవు మారిపోయి కనబడెను. దిద్దుబాటు చెడిన సూక్ష్మజీవులలోను సరిగా నిట్టి గుర్తే యుండుటను వారు ఎరుగుదురు. 1993లో ఎం.ఎస్.హెచ్.2 అను దిద్దుబాటు జన్యువు మానవునిలో కనుగొనబడెను. వార్తిన్ వర్ణించిన కుటుంబమున చెడినది యా జన్యువే యని 2000లో తేలెను. వారికి పుట్టుకతో వచ్చినది క్యాన్సరు కాదు, దిద్దువాని లోపము. దిద్దువాడు లేనిచోట పదియేండ్ల తప్పులు రెండు మూడేండ్లలోనే చేరగలవు.

పెద్దప్రేగు క్యాన్సరులలో నూటికి సుమారు మూడు మాత్రమే ఈ విధమైనవి. తలిదండ్రులలో నొకరికి లోపమున్నచో బిడ్డకు వచ్చుటయు రాకుండుటయు సమానావకాశములే. అది వచ్చినదో లేదో నేడు రక్తపరీక్షచే తెలిసికొనవచ్చును. రానివారు నిశ్చింతగా దానిని మరచిపోవచ్చును. వచ్చినవారికి వైద్యులు ఏడాదికో రెండేండ్లకో ఒకమారు, కొనను దీపమును కెమేరాయును గల సన్నని గొట్టముతో ప్రేగును లోపలినుండి చూతురు. బుడిపె కనబడినచో ఆ గొట్టముగుండనే తీగయుచ్చును పంపి, మొదట బిగించి, త్రెంచివేయుదురు. రోగి సాధారణముగా నాటి సాయంకాలమే యింటికి పోవును.