నర్సింగ్‌కూ ఒక శాస్త్రం ఉంది!

అల్ ఖర్జ్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి పాల డెయిరీలు, ఖర్జూరపు తోటలు. రియాద్‌కు ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని ఈ ఊళ్లో నర్సింగ్ చదువు కూడా ఉందని చాలామందికి తెలియదు. ప్రిన్స్ సత్తామ్ బిన్ అబ్దులజీజ్ విశ్వవిద్యాలయంలో సౌదీ అమ్మాయిలు, అబ్బాయిలు ఆ డిగ్రీ చేస్తున్నారు. "నర్సింగ్‌లో థియరీ ఏముంటుందండీ, సూదులు వేయడమేగా!" అనే మాట మన విందుల్లో చాలాసార్లు విన్నాను. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ పని చేస్తూ ఆ థియరీతో కాస్త పరిచయం ఏర్పడింది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

నర్సుల స్క్రీన్‌లో "నర్సింగ్ డయాగ్నసిస్" అని ఒక గడి ఉంటుంది. డాక్టరు రాసిన రోగం పేరే మళ్లీ ఇక్కడెందుకని అనిపించవచ్చు. రెండూ ఒకటి కావు. డాక్టరు "నిమోనియా" అని రాస్తే, నర్సు "కఫం బయటికి తీయలేకపోతున్నారు", "లేచి నడిస్తే పడిపోయే ప్రమాదం ఉంది" అని రాస్తుంది. రోగం డాక్టరుది, ఆ రోగంతో మనిషి పడే అవస్థ నర్సుది. ఈ అవస్థలన్నింటికీ ఒక పద్ధతిగా పేర్లు పెట్టే పని 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన సదస్సుతో మొదలైంది. పరిశీలన, నిర్ధారణ, ప్రణాళిక, అమలు, మూల్యాంకనం అనే అయిదు మెట్లు చూస్తే మా ఐటీ ప్రాజెక్టే గుర్తొస్తుంది. తేడా ఏమిటంటే, మా క్లయింటుకు రాత్రి మూడు గంటలకు ఆయాసం రాదు!

పిల్లలూ, ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీరు పాఠాల్లో చదివే ఉంటారు. దీపం పట్టుకున్న బొమ్మే అందరికీ తెలుసు. ఆమె లెక్కల్లో దిట్ట అని మీకు తెలుసా? 1855 ఫిబ్రవరిలో స్కుటారి సైనిక ఆసుపత్రిలో మరణాలు దాదాపు 42 శాతం. మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి మురుగు కాలువలు బాగుచేయించాక, గాలి వచ్చేలా చేశాక, కొద్ది నెలల్లోనే అవి 2 శాతానికి దగ్గరగా దిగాయి. సైనికులు ఎక్కువగా చనిపోయింది గాయాలతో కాదని, నివారించదగిన జబ్బులతోనని ఆమె 1858లో రంగుల పటం గీసి మరీ చూపించింది. గాలి, వెలుతురు, శుభ్రత, నిశ్శబ్దం, సరైన తిండి: ఆమె సిద్ధాంతమంతా రోగి చుట్టూ ఉన్న పరిసరాల గురించే.

తర్వాత వచ్చిన వర్జీనియా హెండర్సన్ మనిషి అవసరాలను 14గా లెక్కవేసింది. ఊపిరి, తిండి, నిద్రతో పాటు తన మతం ప్రకారం ప్రార్థించుకోవడం కూడా అందులో ఉంది. డొరోతియా ఓరెమ్ 1971లో, రోగి తనకు తాను చేసుకోలేని మేరకే నర్సు చేయాలనీ, మిగతాది నేర్పాలనీ చెప్పింది.

పరదేశంలో ఉన్న మనకు అందరికన్నా దగ్గరి మనిషి మాత్రం మడెలీన్ లైనింగర్ (1925-2012). 1950లలో పిల్లల మానసిక చికిత్సాలయంలో పనిచేస్తూ, ఒక సంస్కృతి పిల్లలకు ఊరటనిచ్చేది మరొకరికి ఇవ్వడం లేదని గమనించింది. నర్సు అయి ఉండి మానవశాస్త్రంలో డాక్టరేట్ చేసింది. న్యూగినీ కొండల్లో గాడ్సప్ ప్రజల మధ్య ఉండి వచ్చింది. రోగి ఆచారాన్ని చూసి నర్సు మూడింటిలో ఒక దారి ఎంచుకోవాలంటుంది: ఉన్నది ఉన్నట్టు కాపాడడం, సర్దుబాటు చేయడం, మార్చడం.

మన ఇళ్లలోనే చూడండి. బాలింతకు వెల్లుల్లి కారంతో వేడి అన్నం పెడతాం. హాని లేదు, కానివ్వవచ్చు. బీపీ ఉన్న నాన్నగారికి ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. అక్కడ బేరం తప్పదు. పుట్టిన బిడ్డకు ముర్రుపాలు పట్టకూడదని పిండి పారబోసే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. అది మార్చి తీరాల్సిందే, అయితే అవమానించకుండా.

ఒకసారి ఒక ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ వచ్చింది. డెయిరీలో పనిచేసే తెలంగాణ కుర్రాడు, షుగర్ రోగి. ఇన్సులిన్ వేయబోతూ కేరళ సిస్టర్ ముట్టని భోజనం ప్లేటు చూసి ఆగింది. అతనికి ఇంగ్లీషు రాదు, అరబ్బీ అంతంతమాత్రం. మారాం చేస్తున్నాడని రాసి సూది వేసేయవచ్చు. ఆమె తెలుగువాళ్ల కోసం వెతికింది. ఫోన్లో అతను, "ఇయ్యాల శనారం గదన్నా, ఒక్కపొద్దున్న" అన్నాడు. అన్నం తినకుండా ఆ మోతాదు పడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోయేది. పాలు, పళ్లు తీసుకోవచ్చా అని ఆమె అడిగించింది. తీసుకుంటానన్నాడు. డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్పించింది. లైనింగర్ చెప్పిన రెండో దారి అదే.

ఈ నేలకు తగిన సిద్ధాంతాలూ ఉన్నాయి. సౌదీలో పనిచేసిన శాండ్రా లవరింగ్ ఇక్కడి ముస్లిం నర్సుల అనుభవాల నుంచి 2008లో తన పరిశోధనలో "నెలవంక" నమూనా రూపొందించింది. ప్రవక్త కాలంలో మదీనాలో క్షతగాత్రులకు గుడారంలో సేవ చేసిన రుఫైదాను ఇక్కడి నర్సులు తమ ఆదిగురువుగా చెప్పుకుంటారు.

చదువుకు విలువెంత? 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రులను చూసింది. డిగ్రీ చదివిన నర్సులు 10 శాతం ఎక్కువగా ఉన్నచోట శస్త్రచికిత్స తర్వాతి మరణాలు 7 శాతం తక్కువ. మా అమ్మాయి నర్సింగ్ చదువుతానంటే ముఖం చిట్లించే తల్లిదండ్రులు ఈ లెక్కను ఒకసారి చూడాలి. ఇంటి దగ్గరి నుంచి ఇక్కడికి రాదలచిన నర్సులకు మాత్రం ఒక మాట: 2015 నుంచి ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. ఏజెంటుకు లక్షలు పోసే ముందు ఓంక్యాప్‌నో, టామ్‌కామ్‌నో అడగండి.

మీలో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే, నర్సు అడిగే ప్రశ్నలకు విసుక్కోకండి. ఉపవాసం, పథ్యం, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆయుర్వేద మందు, అన్నీ చెప్పండి. ఆమె స్క్రీన్‌లో వాటికీ గడులున్నాయి.