ఇరవై ఏళ్లకు అందిన మెప్పు

రైల్వే కొలువులకొచ్చిన తెలుగువారు తరాలుగా ఉంటున్న ఖరగ్‌పూర్‌లోని ఖరిదాలోనూ 2006 నాటి 'గ్యాంగ్‌స్టర్' సినిమా పాట 'భీగీ భీగీ' వినని వారు తక్కువే ఉంటారు. ఆ బాణీకి మూలం మాత్రం బెంగాలీ రాక్ పాట 'పృథిబీటా నాకి'. 'మొహీనేర్ ఘొరాగులి' బృంద సారథి గౌతమ్ చటోపాధ్యాయ్ 1995లో తెచ్చిన 'ఆబార్ బొఛొర్ కుడి పొరే' సంకలనంలోనిది.

1977-79 మధ్య ఈ బృందం మూడు రికార్డులు తెచ్చినా ఆదరణ అంతంతమాత్రమే. రవీంద్ర సంగీతానికి, సినిమా పాటలకు అలవాటుపడిన చెవులకు బావుల్, గిటారు కలయిక కొరుకుడు పడలేదు. 1981లో బృందం విడిపోయింది. 1995 సంకలనాన్ని మాత్రం కొత్త తరం అక్కున చేర్చుకుంది. పాత రికార్డులనూ వెతుక్కుని వింది. అవే పాటలు, మారింది శ్రోతలు. ఆల్బమ్‌పై తొలి తీర్పే తుది తీర్పు కాదు. 1999లో కన్నుమూసిన గౌతమ్, తన బృందం పాట బాణీ దేశమంతా మోగడం వినలేదు.